కుడివైపు ఒకటి, ఎడమవైపు రెండు

జూన్ 5, గురువారం

సున్నా పాయింట్ అయిదు.

గుడివాడ ల్యాబులో కాగితం ఇచ్చిన అమ్మాయి నా ముఖంలోకి చూడలేదు. నా అంకె పక్కనే, నా వయసుకి ఎంత ఉండాలో అచ్చువేసి ఉంది. అది చదివాను. మళ్ళీ నాది చదివాను. నాకు ఇరవై ఆరు ఇంకా నిండలేదు.

బందరు బస్సులో కిటికీ పక్క సీటు నాకు దొరికింది. బావ నిలబడ్డాడు, నా తల వెనక కడ్డీ పట్టుకుని.

"తక్కువంటే... మందులు వాడితే పెరుగుతుందా శ్రావణీ?"

రక్తం తక్కువైతే పెరుగుతుంది కదా, ఇదీ అలాంటిదే అనుకుంటున్నాడు. పొద్దుటిదాకా నేనూ అంతే. పెళ్ళయి మూడేళ్ళు. ఐసు షెడ్డులో ఈ చివర నుంచి ఆ చివరికి కేకేసే మనిషి. ఆ గొంతు ఇంత చిన్నగా రావడం ఇవాళే విన్నాను.

కాగితంలో ఇంగ్లీషులో ఉన్నదాన్ని మనసులో తెలుగు చేసుకున్నాను — అండాశయంలో గుడ్ల నిల్వ. నిల్వ ఎంత నిండైన మాట నాకు... బియ్యం, ఊరగాయ, అటక మీద ఎండుచేపలు. ఇవాళ ఆ మాట వైపు చూడబుద్ధి కావడం లేదు.

మంగళవారం స్కానింగ్.

జూన్ 6

పుస్తకం తెరిచాను. మూశాను.

జూన్ 8, ఆదివారం

ఎం.ఏ. ప్రాజెక్టు పని ముందుకు జరపాలి. చేపల వ్యాపారంలో వాడే మాటలు సేకరించడం — గైడు సారు ఒప్పుకుని నెలయింది. నాకు నిఘంటువు అత్తయ్యే. ముప్పై ఏళ్ళు గంప నెత్తిన పెట్టుకుని బందరు వీధులన్నీ తిరిగింది. బావ ఐసు షెడ్డు పెట్టాక గంప దించింది. ఇప్పుడు ఇంట్లో కూర్చుని అతని మీద అజమాయిషీ.

"తాజా చేపని ఏమంటారు అత్తయ్యా?"

"చేపంటారు. చెడిపోయినదానికే అమ్మాయ్, వంద పేర్లు."

రాసుకున్నాను. తరవాత వంటింట్లో నిలబడి చాలాసేపు ఆ మాటే...

అసలు నిఘంటువులో ఇంకో మాట వెతికాను. పిల్లలు లేని ఆడదానికి నాలుగు మాటలు కనిపించాయి. మగవాడికి వెతికితే నాకు దొరకలేదు. పుస్తకం అలమరలో పై అరలో పెట్టేశాను, స్టూలు వేసుకుంటే తప్ప అందనంత ఎత్తులో.

జూన్ 10, మంగళవారం

కుడివైపు ఒకటి, ఎడమవైపు రెండు.

డాక్టరమ్మ తెరమీద వేలు పెట్టి చూపించింది. చిన్న నల్లటి చుక్కలు. ఈ నెలకి పెరగడానికి సిద్ధంగా ఉన్నవి అవేనట. నా వయసులో వేరేవాళ్ళకి లెక్కపెట్టేలోపు తెర నిండిపోతుందట — అలా అనలేదు పాపం, నేనే అడిగి చెప్పించుకున్నాను.

ఆవిడ మాటలు మరిచిపోకముందు రాసుకోవాలి. గుడ్లు కొత్తగా పుట్టవు. పుట్టుకతో తెచ్చుకున్నవే, ఖర్చయిపోతూ ఉంటాయి. నావి తొందరగా ఖర్చయ్యాయి. నెలసరి ఇరవై మూడో రోజుకే రావడం అందుకే. "తక్కువన్నానమ్మా, లేవనలేదు. వయసు చిన్నది కాబట్టి ఉన్నవి మంచివే అయ్యుండొచ్చు. కానీ ఏళ్ళతరబడి ఆగడానికి లేదు."

దారులు చెప్పింది. ఒకటి, పెద్ద డోసు ఇంజెక్షన్లతో ఒకేసారి గట్టిగా ప్రయత్నించడం. లేదంటే మాత్రలు, చిన్న డోసు — నెలకి ఒకటో రెండో గుడ్లు తీసి, పిండాలు చేసి, రెండుమూడు నెలలు దాచి, తరవాత కడుపులో పెట్టడం. ఆఖరిది వేరే ఆవిడ గుడ్డు. ఆ ఆవిడెవరో మాకు తెలియదు, మేమెవరో ఆవిడకి తెలియదు. అన్నిట్లోకీ ఆశ ఎక్కువ ఉన్నది అదేనని కూడా చెప్పింది, దాచకుండా.

"ఏది మంచిదండీ?" అన్నాడు బావ.

"నేను చెప్పేది కాదండీ అది. నెలసరి వచ్చిన రెండో రోజు రండి. అప్పటికి తేల్చుకుని రండి."

లేచేటప్పుడు బల్ల అంచు పట్టుకున్నాను. బావ చూడలేదు. చూసి చూడనట్టున్నాడేమో.

జూన్ 11

తేల్చుకోవడానికి రెండు వారాలు. బహుశా అంతకన్నా తక్కువ.

జూన్ 13, శుక్రవారం

నాగాయలంక వెళ్ళి వచ్చాను, అమ్మ దగ్గరికి. చల్లపల్లిలో బస్సు మారాను. మోపిదేవిలో ముగ్గురు ఆడవాళ్ళు దిగారు, బుట్టల్లో పాలు, అరటిపళ్ళు. పిల్లల కోసం గుడి పుట్టలో పాలు పోసే మొక్కు. ఒకామె నన్ను చూసి నవ్వింది, "దిగవా?" అన్నట్టు. తల తిప్పుకున్నాను. ఎందుకు తిప్పుకున్నానో... దిగితే ఒప్పుకున్నట్టే అనిపించింది.

అమ్మ పెరట్లో బట్టలు పిండుతోంది. రిపోర్టు గురించి చెప్పాను. పిండుతున్న చీర అలాగే పట్టుకుని నిలబడిపోయింది. నీళ్ళు కాళ్ళ మీద పడుతున్నాయి.

"నాకు ముప్పై నాలుగుకే ఆగిపోయిందే."

"నీకు ఆపరేషన్ అయిందిగా? గర్భసంచి తీసేశారని..."

"ఏ ఆపరేషనూ లేదు. అలా చెప్పాను. ఈ వీధిలో అందరూ చేయించుకున్నారు, ఒక్కళ్ళూ ఏంటని అడగలేదు. ఆగిపోయిందంటే మాత్రం అడుగుతారు."

పన్నెండేళ్ళు నమ్మాను. అమ్మ పొట్ట మీద మచ్చ లేదు. ఎన్నిసార్లు పక్కన పడుకున్నాను, ఒక్కసారి కూడా నాకు ఆ మచ్చ సంగతి తట్టలేదు.

"ముందే చెప్పుంటే..." అన్నాను.

"చెప్పుంటే నీకు పెళ్ళయ్యేదా?"

కోపం రావాలి. రాలేదు. భయం మాత్రమే. అమ్మకి ముప్పై నాలుగు. నాకు ఇంకా తొందరగానేమో. ఏ నెల ఆఖరిదో ముందుగా తెలియదుగా.

వచ్చేటప్పుడు సంచిలో చేగోడీలు పెట్టింది. బస్సు ఎక్కాక చూసుకున్నాను.

జూన్ 15, ఆదివారం

వేట నిషేధం అయిపోయింది. పడవలన్నీ కదిలాయి. రెండు నెలల తరవాత షెడ్డులో ఐసు ఆడిస్తున్న చప్పుడు. బావ చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. తిండికి కూడా రాలేదు.

అత్తయ్యకి చెప్పేశాను అన్నీ. మెత్తళ్ళ చేపలు ఒలుస్తూ వింది. తల ఎత్తలేదు.

"ఆ మూడోది చేయించుకో. గుడ్డు ఎవరిదైతే ఏంటే, పొదిగేది నువ్వేగా."

మంచికే అంది. నిజంగా మంచికే. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. నేను గదిలోకి వచ్చి తలుపు వేసుకుని ఏడ్చాను. పుట్టబోయేవాడి ముక్కు నాదిలాగే ఉండాలనేం లేదు. ఉండకపోయినా ఎత్తుకుంటాను, ముద్దులు పెడతాను. కానీ నావి మూడు ఉన్నాయి. ఆ మూడు అక్కడ ఉండగానే వాటిని లేనట్టు...

జూన్ 18, బుధవారం

బావతో గొడవ.

"పెద్ద డోసే. ఒక్కసారికి తేలిపోద్ది. నెలనెలా నిన్ను పొడుస్తుంటే నేను చూడలేను."

"పెద్ద డోసు ఇచ్చినా లేనివి పుట్టవంది కదా డాక్టరమ్మ?"

"పెద్ద వలేస్తే ఎక్కువ పడతాయి. అంతే."

"చెరువులో మూడే ఉంటే?"

బావ లేచాడు. చెప్పులేసుకుని షెడ్డుకి పోయాడు. గంట తరవాత ఫోన్. వెనక ఐసు మిషన్ మోత. "మూడే ఉంటే చిన్న వలే మంచిదిలే. వల చిరగదు." అని పెట్టేశాడు.

అలా తేలింది. చిన్న డోసు. నెలనెలా ఒకటో రెండో, దాచుకుంటూ. నాకు నచ్చిన దారి నాకే దక్కింది, ఇప్పుడు దాని బాధ్యత కూడా నాదే. తప్పయితే? నేను దాచుకుంటూ కూర్చున్న ఆ రెండుమూడు నెలల్లో నిల్వ అయిపోతే?

జూన్ 21

రాలేదు ఇంకా. ఆలస్యమైనప్పుడల్లా ఇన్నాళ్ళూ ఆశ. ఇప్పుడు ఆగిపోయిందేమోనని...

జూన్ 24, మంగళవారం

వచ్చింది. బాత్రూమ్‌లో గోడకి ఆనుకుని నవ్వాను. దీనికి నవ్వుతానని ఎప్పుడైనా అనుకున్నానా.

జూన్ 25, బుధవారం

గుడివాడ. మళ్ళీ మూడే — కుడివైపు ఒకటి, ఎడమవైపు రెండు. ఇవాళ నుంచి మాత్రలు, ఎల్లుండి నుంచి ఇంజెక్షన్. పెన్నులాంటిది, తిప్పితే అంకె మారుతుంది. పొట్ట మీద ఎలా పొడుచుకోవాలో నర్సమ్మ నా చేతే చేయించింది.

"ఫ్రిజ్ తలుపు అరలో పెట్టుకోండి. పెట్టెలో కాగితం ఉంది, రెండు వైపులా చదువుకోండి."

"చదవడం నా పనేనండీ" అన్నాను. ఆవిడ నవ్వింది.

ఎంత చిన్న అక్షరాలు! కాగితం నిండా కొత్త మాటలు. బస్సులోనే మొదలుపెట్టాను. ఒక్కోదానికి తెలుగులో ఏమనాలో పక్కన పెన్సిల్‌తో రాసుకుంటూ. గుడివాడ నుంచి బందరు వచ్చేసరికి మొదటివైపు పూర్తి. మడిచి ఈ డైరీలోనే పెట్టాను. రెండోవైపు రేపు.

జూన్ 26, గురువారం

పొద్దున్నుంచి గాలి. పది గంటలకి కరెంటు పోయింది. మధ్యాహ్నానికి ఫ్రిజ్ లోపల గోరువెచ్చగా అయింది. చెయ్యి పెట్టి చూసి చూసి ఏడుపొచ్చింది. బావకి ఫోన్ చేశాను. పది నిమిషాల్లో బండి మీద వచ్చాడు, చంకలో థర్మాకోల్ పెట్టె.

"ఇలా ఇయ్యి. ఐసు సంగతి మాకు వదిలెయ్. మండుటెండలో రొయ్యని హైదరాబాద్ పంపినోణ్ణి, నీ పెన్ను కాపాడలేనా?"

ఎంత ధీమా వచ్చిందో నాకు. ఆ పెట్టె పట్టుకుని వెళ్తుంటే వాకిట్లో నిలబడి చూస్తూ ఉన్నాను.

జూన్ 27, శుక్రవారం

మొదటిది. సాయంత్రం ఏడింటికి.

కరెంటు వచ్చింది, మళ్ళీ పోయింది. ఇంక షెడ్డులోనే ఉంచుదాం అన్నాడు. పెన్ను తెచ్చేసరికి రాయిలా ఉంది. రెండు అరచేతుల మధ్య పెట్టుకుని ఊదుతూ కూర్చున్నాడు, చలికాలం పొయ్యి దగ్గర కూర్చున్నట్టు. అలా ఎంతసేపో. మందు కదిలాక నాకిచ్చి అటు తిరిగాడు. సూది చూడలేడు. పెద్ద పెద్ద చేపల్ని ఒక్క వేటుకి కోసే మనిషి!

నొప్పి లేదు. చల్లగా ఉంది, అంతే.

జూన్ 29

మూడోది.

పరీక్షకి ఒక పాఠం, ప్రాజెక్టుకి పదకొండు మాటలు. ఇవాళ ఎందుకో అన్నీ కుదురుతాయనిపిస్తోంది. అలా అనిపించడమే భయంగా ఉంది.

జూలై 2, బుధవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఎడమవైపు ఒకటి పెరిగింది. పదమూడు మిల్లీమీటర్లు. మిగతా రెండూ ఎక్కడివక్కడే. డాక్టరమ్మ మళ్ళీ మళ్ళీ చూసింది.

"ఇంజెక్షన్లు టైముకి చేసుకున్నారా?"

"ఏడింటికండీ. నిమిషం తేడా లేదు."

"మందు ఎక్కడ పెట్టారు?"

బావ ముందుకొచ్చాడు. ఎంత సంబరంగా చెప్పాడో. "ఐసులోనే మేడం. కరెంటు నమ్మలేక మా షెడ్డులో పెట్టా. కల్లుప్పు కలిపి, చుట్టూ ఊక పోసి... రొయ్యకి కూడా అంత బాగా చెయ్యం."

"గడ్డకట్టిందా?"

"రాయిలా అండి. రోజూ నేనే చేత్తో కరిగించి ఇచ్చేవాణ్ణి."

డాక్టరమ్మ రాస్తున్న పెన్ను కింద పెట్టింది. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. ఫ్రిజ్‌లో ఉండేంత చల్లదనం చాలట. గడ్డకడితే ఆ మందులో పని చేసే గుణం మిగిలిందో లేదో ఎవరూ చెప్పలేరట. ఐసుకి ఉప్పు కలిస్తే ఇంకా చల్లబడుతుంది — అది బావకి తెలుసు. అందుకే వేశాడు.

ఇప్పుడు పెరిగింది మాత్రల వల్ల కావచ్చు. కొత్త ఇంజెక్షన్ అక్కడే చేశారు. ఇంకో రెండు రోజులు బందరులోనే ఒక నర్సు దగ్గర, ఆవిడ ఫ్రిజ్‌లో పెట్టి. శనివారం మళ్ళీ స్కానింగ్.

"ఆ ఒక్కటే ఉంటే తీయాలా, ఈ నెల వదిలెయ్యాలా, ఆలోచించుకుని రండి. ఒక్కదాని కోసం మత్తు ఇవ్వాలి, సూది పెట్టాలి. తీరా చూస్తే లోపల గుడ్డు దొరక్కపోవచ్చు. లేదంటే ఆ మూడో దారి... అది ఎప్పుడూ తెరిచే ఉంటుందమ్మా."

బస్టాండులో బావ నా పక్కన కూర్చోలేదు. స్తంభం అవతల నిలబడ్డాడు. అరచేతులు చూసుకుంటున్నాడు.

ఇంటికొచ్చాక అత్తయ్య — "పీతనీ రొయ్యనీ ఒక పెట్టెలో వెయ్యనోడివి, దాని మందు తీసుకెళ్ళి రొయ్యల పక్కన పెట్టావంట్రా? నీకు ఐసు తప్ప ఇంకేం కనపడదా?"

బావ అన్నం కంచం ముందు తల వంచుకుని ఉన్నాడు.

జూలై 3, గురువారం

డైరీలోంచి కాగితం తీశాను.

రెండోవైపు. పై నుంచి నాలుగో వరస. లావు అక్షరాలు. గడ్డకట్టనివ్వరాదు. గడ్డకట్టినది వాడరాదు.

లావు అక్షరాలే. చిన్నవి కూడా కాదు.

బజ్జీల పొట్లం కాగితం కూడా విప్పి చదివేదాన్ని నేను. మొదటివైపు మాటలకి పక్కన పెన్సిల్‌తో ఎంత అందంగా రాసుకున్నాను... రెండోవైపు రేపు అన్నాను. ఆ రేపు కరెంటు పోయింది. తరవాత మరిచిపోయాను. ఎనిమిది రోజులు ఈ పేజీల మధ్యే ఉంది. రోజూ పక్కకి జరిపి రాశాను.

బావకి చెప్పలేదు. తప్పంతా తనదే అనుకుంటున్నాడు. అత్తయ్య తిడుతుంటే విన్నాను, నోరు మెదపలేదు.

మధ్యాహ్నం ఒక చిన్న థర్మామీటర్ కొనుక్కొచ్చాడు. నర్సు ఇంటికి వెళ్ళి, అడిగి, ఫ్రిజ్‌లో పెట్టొచ్చాడు. సాయంత్రం ఫోన్. "నాలుగు డిగ్రీలుందే. నాలుగు మంచిదంట."

"సరే బావా" అన్నాను. అంతే అనగలిగాను.

జూలై 4

పొద్దున్న నాలుగు. మధ్యాహ్నం అయిదు. మళ్ళీ నాలుగు. ఫోన్ ఎత్తగానే అంకె చెప్పి పెట్టేస్తున్నాడు. ఇంజెక్షన్‌కి వెళ్తే అక్కడి నర్సమ్మ నవ్వింది — "మీ ఆయన మా ఫ్రిజ్‌కి కాపలా అండీ."

చెప్పాలి. ఇవాళ కాదు.

జూలై 5, శనివారం

ఒక్కటే. పద్దెనిమిది. మిగతా రెండూ ఈ నెలకి లేవరట.

బావ నా వైపు చూశాడు. "నీ ఇష్టం" అన్నాడు. ఇదివరకు ఇలా అంటే ఎంత కోపం వచ్చేది. ఇవాళ తనకి నోరెత్తే హక్కు లేదనుకుని అన్నాడు. ఆ హక్కు పోగొట్టింది నేను కూడా.

వదిలేస్తే వచ్చే నెల మూడూ మళ్ళీ ఉంటాయా? ఉంటాయేమో. అమ్మకి ఆగిన నెల ముందు నెలలో కూడా ఉంటాయనే అనుకుని ఉంటుంది. మూడో దారి గురించి కూడా ఆలోచించాను, ఈసారి ఏడవకుండా. ఎప్పుడో ఒక రోజు ఆ గదిలో కూర్చుని సరే అంటానేమో. అంటే తప్పేం లేదు. కానీ ఇది పెరిగింది. ఇంత జరిగినా, దాని పాటికి అది పెరిగింది.

"తీయండి" అన్నాను.

డాక్టరమ్మ రెండోసారి అడిగింది. రెండోసారి కూడా అన్నాను. సాయంత్రం ఇంకో ఇంజెక్షన్, వాళ్ళే చేశారు. సోమవారం పొద్దున్న తీస్తారు.

జూలై 7, సోమవారం

మత్తు దిగుతోంది. పొత్తికడుపులో పోటు. కళ్ళు తెరిచేసరికి పాదాల దగ్గర అత్తయ్య. నా కాళ్ళు దుప్పటి మీద నుంచి పట్టుకుని ఉంది, గంప జారకుండా పట్టుకున్నట్టు.

"దొరికిందంట అమ్మాయ్."

దొరికింది. నేను సేకరించిన మాటలన్నిట్లోకీ ఇది...

ఇంకా ఏమీ కాలేదు, తెలుసు. ఇవాళ ల్యాబులో బావ వీర్యకణంతో కలుపుతారు. రేపు పొద్దున్న పదింటికల్లా ఫోన్ చేస్తారు — కలిసిందో లేదో. కలవకపోతే ఇక్కడితో సరి. కలిసినా ఇంకా ఎన్ని మెట్లో.

బావ లోపలికి రాలేదు. తలుపు అద్దంలోంచి చూస్తున్నాడు. చెయ్యి ఊపాను. ఊపాలా వద్దా అన్నట్టు కొంచెం ఊపాడు.

జూలై 8, మంగళవారం

తొమ్మిదీ ఇరవై.

పొద్దున్నే లేచి ప్రాజెక్టు కాగితాలు సర్దాను. ఒక్క మాట ఎక్కలేదు. అత్తయ్య రెండుసార్లు టీ పెట్టింది. ఏ ఒక్కటీ తాగలేదు నేను. ఫోన్ చార్జింగ్ నిండా ఉంది. మళ్ళీ చూశాను. ఉంది.

తొమ్మిదీ ముప్పై అయిదు.

ల్యాబులో అది ఎంత చల్లగా, ఎంత వెచ్చగా ఉందో. ఎవరైనా చూస్తున్నారా. కాగితాలు రెండువైపులా చదివేవాళ్ళేనా వాళ్ళు.

బావ షెడ్డు నుంచి బయల్దేరాడట. పదింటికి ఇంట్లో ఉంటానన్నాడు. "ఫోన్ నువ్వే ఎత్తు బావా" అన్నాను. "నేనా?" అన్నాడు. అంత భయంగా.

తొమ్మిదీ నలభై ఎనిమిది.

డైరీలోంచి కాగితం తీశాను. మడత విప్పాను. బల్ల మీద పరిచాను, రెండోవైపు పైకి వచ్చేలా. నాలుగో వరస పక్కన పెన్సిల్‌తో రాశాను: ఇది నేను చదవలేదు బావా. నువ్వు కాదు, నేను.

దాని మీద ఫోన్ పెట్టాను.

గేటు చప్పుడు. చెప్పులు విడుస్తున్నాడు.